ఖాళీ ప్రాసెసర్‌ని ఊరికే లేపకండి: ఢిల్లీ తెలుగిళ్ల లినక్స్ కంప్యూటర్లకు చిట్కాలు

ద్వారకలోనో, మయూర్ విహార్‌లోనో, నోయిడాలోనో ఒక తెలుగిల్లు తీసుకోండి. ఒకరు గురుగ్రామ్ కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తుంటారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలకి లినక్స్ ల్యాప్‌టాప్ కావాలి. ఫొటోలూ సినిమాలూ దాచుకోడానికి ఒక పాత డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. ఈ యంత్రాల్లో ప్రాసెసర్‌కి రోజులో ఎక్కువ భాగం చేతిలో పనే ఉండదు. పనిలేని ఆ సమయాన్ని ఎలా గడపాలో తేల్చేది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్. అది ఎంత బాగా తేలిస్తే కరెంటు అంత తగ్గుతుంది, వేడి అంత తగ్గుతుంది, బ్యాటరీ అంత సేపు వస్తుంది.

లినక్స్‌లో ఈ పని చూసే విభాగం పేరు సీపీయూఐడిల్. 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నెల్‌తో వచ్చింది. అంతకు ముందు ఏడాది కెనడాలో జరిగిన ఆటవా లినక్స్ సింపోజియంలో వెంకటేశ్ పల్లిపాడి, షావొహువా లీ, ఆడం బిలే దీని గురించి పత్రం సమర్పించారు. పనిని వాళ్లు రెండుగా విడదీశారు. ఈ చిప్‌లో ఏయే నిద్రలు (పనిలేనప్పుడు కరెంటు తగ్గించుకునే స్థితులు) ఉన్నాయో చెప్పేది డ్రైవర్. ఇప్పుడు ఏ నిద్రలోకి వెళ్లాలో ఎంచేది గవర్నర్. ఇన్నేళ్లుగా ఎందరో దాన్ని సానబడుతూ వచ్చారు కాబట్టి ప్రాసెసర్‌ని పడుకోబెట్టే పని కెర్నెల్‌కి బాగానే వచ్చు. మనవైపు నుంచి మిగిలిన పని, దాన్ని మాటిమాటికీ లేపుతున్నది ఎవరో పట్టుకోవడం.

1. ఏదీ మార్చకముందు ఉన్నదేమిటో చూడండి.

టెర్మినల్ తెరిచి, సిస్ ఫోల్డర్‌లో డివైసెస్, అందులో సిస్టమ్, అందులో సీపీయూ, అందులో సీపీయూ0, అందులో సీపీయూఐడిల్ దాకా వెళ్లండి. స్టేట్0, స్టేట్1, స్టేట్2 అంటూ వరసగా ఫోల్డర్లు కనిపిస్తాయి. ఒక్కో ఫోల్డర్ ఒక్కో నిద్ర. లోపల నేమ్, లేటెన్సీ, రెసిడెన్సీ, టైమ్, యూసేజ్ అనే చిన్న చిన్న ఫైళ్లుంటాయి. చదివితే ఏమీ పాడవదు, నిర్భయంగా తెరవండి.

2015 నాటి ఇంటెల్ స్కైలేక్ ల్యాప్‌టాప్ అయితే కెర్నెల్ డ్రైవర్ పట్టికలో అంకెలు ఇలా ఉంటాయి. సీ1 అనే తేలిక నిద్ర నుంచి లేవడానికి పట్టేది 2 మైక్రోసెకన్లు. సీ6 నుంచి 85. సీ8 నుంచి 200. అన్నిటికంటే లోతైన సీ10 నుంచి అయితే 890. ఇవి లేటెన్సీ అంకెలు. రెసిడెన్సీ అంటే, ఆ నిద్రలోకి వెళ్లినందుకు లాభం రావాలంటే కనీసం అక్కడ ఎంతసేపు ఉండాలో చెప్పే అంకె. సీ6కి 200 మైక్రోసెకన్లు, సీ8కి 800, సీ10కి 5000. టైమ్ ఫైలులో ఆ నిద్రలో గడిపిన మొత్తం సమయం మైక్రోసెకన్లలో ఉంటుంది, యూసేజ్‌లో ఎన్నిసార్లు వెళ్లిందో ఉంటుంది. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే సగటున ఒక్కో నిద్ర ఎంతసేపు సాగిందో తెలిసిపోతుంది. ఈ ఒక్క భాగహారం మీ యంత్రం గురించి ఏ రివ్యూ చెప్పనంత చెబుతుంది.

ఏఎండీ ప్రాసెసర్లలో పేర్లూ అంకెలూ వేరుగా ఉంటాయి, మెట్లు తక్కువ ఉంటాయి. కంగారు పడకండి, చదివే పద్ధతి ఒక్కటే.

2. లోతైన నిద్రే ఎప్పుడూ చవక అనుకోకండి.

అయిదు నిమిషాల కునుకు కోసం ఎవరూ మడతమంచం దింపి, పక్క పరిచి, దోమతెర కట్టుకోరు. కట్టి విప్పడానికే ఆ అయిదు నిమిషాలూ చాలవు. ప్రాసెసర్‌ది కూడా అదే పరిస్థితి. సీ1లో గడియారం మాత్రమే ఆగుతుంది, పిలవగానే లేస్తుంది. సీ6లో అయితే కోర్ తన స్థితినంతా ఒక చిన్న మెమరీలో దాచుకుని, తనకొచ్చే కరెంటునే దాదాపు పూర్తిగా తెంపుకుంటుంది. లేచినప్పుడు అదంతా తిరిగి తెచ్చుకోవాలి, క్యాష్ మళ్లీ నింపుకోవాలి. ఈ రాకపోకలకి అయ్యే ఖర్చు నిద్రలో మిగిలిన దానికంటే ఎక్కువైతే నష్టమే.

కొంచెం కొత్త కెర్నెళ్లలో అబవ్, బిలో అని ఇంకో రెండు ఫైళ్లుంటాయి. ఒక నిద్రని ఎంచుకున్నాక అనుకున్నదానికంటే ముందే లేవాల్సివస్తే అబవ్ లెక్క పెరుగుతుంది. ఇంకా లోతుకి వెళ్లి ఉండాల్సింది అని తర్వాత తేలితే బిలో పెరుగుతుంది. అంటే గవర్నర్ అంచనా ఎక్కడెక్కడ తప్పిందో కెర్నెలే రాసి పెడుతోందన్నమాట. యూసేజ్‌లో అబవ్ వాటా బాగా ఎక్కువగా కనిపించిందా, మీ యంత్రాన్ని ఎవరో అడ్డదిడ్డంగా లేపుతున్నారు. అప్పుడు మూడో చిట్కాకి వెళ్లండి.

3. లేపుతున్నది ఎవరో పవర్‌టాప్‌తో పట్టుకోండి.

ఇంటెల్ ఇంజనీర్లు 2007లో విడుదల చేసిన ఈ పనిముట్టు దాదాపు ప్రతి డిస్ట్రోలోనూ దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌ని చార్జర్ నుంచి తీసేసి, అడ్మిన్ హక్కులతో నడిపి, పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్యండి. మొదటి పేజీలో సెకనుకి ఎన్ని మేల్కొలుపులో, ఏ ప్రోగ్రాం వల్లనో, ఏ పరికరం వల్లనో వరసగా కనిపిస్తాయి.

ఆ అంకెని మొదటి చిట్కాలోని రెసిడెన్సీ పక్కన పెట్టి చూడండి. ఒక కోర్‌ని సెకనుకి 1000 సార్లు లేపితే రెండు మేల్కొలుపుల మధ్య సగటున దొరికేది 1000 మైక్రోసెకన్లు. 5000 అడిగే సీ10 ఆ కోర్‌కి అందని పండు. సీ8కి కూడా అంచుల్లో ఉన్నట్టే. అదే సెకనుకి 50 సార్లకి తగ్గిస్తే 20 వేల మైక్రోసెకన్ల విరామం వస్తుంది, సీ10 హాయిగా సరిపోతుంది. సెట్టింగులు ఒక్కటీ ముట్టుకోకుండానే యంత్రం లోతైన నిద్రకి చేరుకుంటుంది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

పవర్‌టాప్‌లో అన్నిటినీ ఒకేసారి సరిచేసే ఆటో-ట్యూన్ ఒకటుంది. దాన్ని వెంటనే వాడకండి. యూఎస్‌బీ మౌసూ కీబోర్డూ కూడా నిద్రపోయి, కదిపిన క్షణం తర్వాత గానీ పలకని పరిస్థితి వస్తుంది. ట్యూనబుల్స్ పేజీలో ఒక్కోటీ మార్చి, ఒక రోజు వాడి చూసి, తర్వాత ఇంకోదానికి వెళ్లండి.

4. బ్రౌజర్ ట్యాబులు మూసెయ్యండి.

క్రోమ్ 2021 జనవరిలో వచ్చిన 88వ వెర్షన్ నుంచి, అయిదు నిమిషాలకి మించి దాగి ఉన్న ట్యాబుల టైమర్లని నిమిషానికి ఒకసారికి కుదిస్తోంది. అయితే పాట మోగుతున్న ట్యాబుకి దీన్నుంచి మినహాయింపు ఉంటుంది, కళ్లముందున్న ట్యాబుకీ ఉంటుంది. క్రికెట్ స్కోరు పేజీ తెరిచిపెట్టి వంటింట్లోకి వెళ్తే ఆ పేజీ ప్రాసెసర్‌ని పడుకోనివ్వదు.

5. గవర్నర్ ఏదో తెలుసుకోండి, మార్చాలంటే కారణం ఉండాలి.

సీపీయూ ఫోల్డర్‌లోనే ఉన్న సీపీయూఐడిల్ ఫోల్డర్‌లో కరెంట్-గవర్నర్ అనే ఫైలుంటుంది. మామూలుగా అందులో మెనూ అని ఉంటుంది. ఇది మొదట, తర్వాతి టైమర్ ఎప్పుడు మోగుతుందో చూస్తుంది. కానీ కీబోర్డూ నెట్‌వర్కూ టైమర్ చూసుకుని రావు కదా! అందుకని గత అనుభవంతో ఆ అంచనాని సవరించుకుంటుంది, చివరి 8 విరామాల్లో ఏమైనా ఒరవడి ఉందేమో చూస్తుంది. రెండోది టియో. రఫాయెల్ విసోత్‌స్కీ రాశారు, 2019 మేలో వచ్చిన 5.1 కెర్నెల్‌లో చేరింది. మేల్కొలుపుల్లో ఎక్కువ భాగం టైమర్ల వల్లే వస్తాయన్న గమనింపు మీద అది నిలబడి ఉంది. మూడోది ల్యాడర్, పాతది. ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్తుంది కాబట్టి టిక్ (దాని సంగతి ఆరో చిట్కాలో) ఎప్పుడూ ఆగని యంత్రాలకే పనికొస్తుంది.

ఇంటి ల్యాప్‌టాప్‌లో మెనూ, టియోల మధ్య తేడా మీ వాడకాన్ని బట్టి ఉంటుంది. కొత్త కెర్నెల్ అయితే ఆ ఫైలులో పేరు రాస్తే చాలు, గవర్నర్ మారిపోతుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ పాతదే. ఒక వారం అదీ ఒక వారం ఇదీ పెట్టి, ఒకే రకం పని చేస్తూ అబవ్, బిలో లెక్కలు పోల్చండి. తేడా కనిపించకపోతే ఉన్నదాన్నే ఉంచండి.

6. పాత కెర్నెల్‌తో నెట్టుకురాకండి.

దీని వెనక ఒక కథ ఉంది, తెలుసుకోవాలి. కెర్నెల్‌కి టిక్ అనే గుండెచప్పుడు ఉంది. సెకనుకి 250 సార్లో 1000 సార్లో కొడుతూ ఉంటుంది. పని లేనప్పుడు ఆ చప్పుడు ఆపెయ్యడం 2007 ఏప్రిల్‌లో వచ్చిన 2.6.21తో మొదలైంది. మంచి మార్పే, నిద్రలు పొడుగయ్యాయి. అయితే ఒక లొసుగు మిగిలిపోయింది. మధ్యమధ్య వచ్చే పొట్టి విరామాలు చూసి గవర్నర్ ఈసారీ కొద్దిసేపే అనుకుని తేలిక నిద్ర ఎంచుతుంది. టిక్ ఆగిపోయి ఉంది. అనుకోకుండా ఆ తర్వాత ఎవరూ లేపరు. కోర్ ఆ తేలిక నిద్రలోనే కరెంటు తాగుతూ చాలాసేపు ఉండిపోతుంది, నిర్ణయం మార్చుకునే అవకాశమే రాదు. జర్మనీలో డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో దీన్ని కొలిచి చూపించి, పవర్‌నైట్‌మేర్ అని పేరు పెట్టారు.

2018 జూన్‌లో వచ్చిన 4.17 కెర్నెల్ దీన్ని సరిచేసింది. ఇప్పుడు ముందు గవర్నర్ నిద్ర ఎంచుకుంటుంది, టిక్ ఆపాలా వద్దా అనేది ఆ తర్వాతే తేలుతుంది. పొట్టి నిద్ర ఎంచుకుంటే టిక్ అలాగే నడుస్తుంది. అంచనా తప్పితే ఆ టిక్కే లేపి ఇంకోసారి ఆలోచించమంటుంది. నెహ్రూ ప్లేస్‌లో పాత ల్యాప్‌టాప్ కొని, దాంతో వచ్చిన ఏళ్లనాటి లినక్స్‌నే వాడుతున్నవాళ్లు కెర్నెల్ మార్చుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

7. కోర్లు పడుకున్నా చిప్ మేలుకుని ఉందేమో చూడండి.

ఎక్కువమందికి తెలియని చోటు ఇదే. ఒక కోర్‌లో రెండు థ్రెడ్లుంటే, రెండూ ఖాళీ అయితేనే కోర్ లోతుకి వెళ్తుంది. అన్ని కోర్లూ వెళ్లాక, గ్రాఫిక్స్ కూడా ఒప్పుకున్నాక గానీ మొత్తం చిప్ నిద్రపోదు. దాన్ని ప్యాకేజీ నిద్ర అంటారు. పెద్ద ఆదా అక్కడే ఉంది. టర్బోస్టాట్ నడిపినా, పవర్‌టాప్‌లో ఐడిల్ స్టాట్స్ పేజీ చూసినా ఆ శాతాలు కనిపిస్తాయి. కోర్ల దగ్గర 95 శాతం లోతైన నిద్ర కనిపిస్తూ, ప్యాకేజీ మాత్రం పీసీ2 లేదా పీసీ3 దగ్గరే ఆగిపోయిందంటే ఏదో పరికరం అడ్డుపడుతోందని అర్థం.

పట్టుకోవడం ఓపిక పని. బయట తగిలించినవన్నీ ఊడదీసి, ఒక్కోటీ తగిలిస్తూ ఆ శాతాన్ని చూడండి. కార్డ్ రీడర్, డాంగిల్, పాత హార్డ్‌డిస్క్ పెట్టె, కరెంటు పొదుపు సరిగ్గా పాటించని ఎన్‌వీఎంఈ డ్రైవ్, వీటిలో ఒకటి దొరుకుతుంది. డెస్క్‌టాప్ అయితే బయోస్‌లో ప్యాకేజీ సీ-స్టేట్ పరిమితి అనే సెట్టింగు ఉందేమో, దాన్ని కంపెనీ నుంచే తక్కువలో పెట్టి పంపారేమో చూడండి.

8. బిల్లు లెక్క వేసుకోండి, ముఖ్యంగా మీటరు ఢిల్లీదైతే.

రోజంతా నడిచే డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు 40 వాట్లు లాగుతోందనుకుందాం. పై చిట్కాలతో అది 25కి దిగితే మిగిలేది 15 వాట్లు. 15ని 24 గంటలతో, 30 రోజులతో గుణిస్తే నెలకి 10.8 యూనిట్లు. చిన్న అంకెలా ఉంది. కానీ 2019 ఆగస్టులో ఢిల్లీ ప్రభుత్వం మొదలుపెట్టిన రాయితీలో నెలకి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా, 201 నుంచి 400 దాకా సగం రాయితీ. 205 దగ్గర ఆగిన నెలకీ 195 దగ్గర ఆగిన నెలకీ మధ్య తేడా ఆ పది యూనిట్ల ధర ఒక్కటే కాదు, మొత్తం బిల్లు. ఏసీ లేని ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ గీత దగ్గర తచ్చాడే ఇళ్లు చాలా ఉంటాయి.

నోయిడా, గురుగ్రామ్ వాళ్లకి ఈ రాయితీ వర్తించదు. అక్కడ చూడాల్సింది సొసైటీ జనరేటర్. చాలా అపార్ట్‌మెంట్ల ప్రీపెయిడ్ మీటర్లలో గ్రిడ్ కరెంటుకి ఒక రేటు, జనరేటర్ (డీజీ) కరెంటుకి ఇంకో రేటు ఉంటాయి. డీజీ రేటు ఎక్కువ. ఎండాకాలం కోతల్లో ఖాళీ డెస్క్‌టాప్ తాగేది ఆ ఖరీదైన కరెంటే. 2024 జూన్ 19న ఢిల్లీ విద్యుత్ డిమాండ్ 8,656 మెగావాట్లకి చేరింది. అలాంటి రోజుల్లో ఒక్కో ఇంట్లో మిగిలిన వాట్లు ఆ ఇంటికే కాదు, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఊరటే.

ఎంత లాగుతోందో తెలియాలంటే ప్లగ్గుకీ యంత్రానికీ మధ్య పెట్టే వాట్ మీటరు ఒకటి కొనండి. సాఫ్ట్‌వేర్ చూపే వాట్లు చిప్ వరకే. ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది, డిస్కులు తినేది గోడ దగ్గర కొలిస్తేనే తెలుస్తుంది.

9. మే, జూన్ నెలల్లో లోతైన నిద్రని అస్సలు ఆపకండి.

2024 మే 29న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజున వేడెక్కిన గదిలో ప్రాసెసర్‌కి ఏమవుతుందో చూడండి. ట్రాన్సిస్టర్ ఆన్, ఆఫ్ అవుతున్నప్పుడు ఖర్చయ్యే కరెంటు ఒకటి, ఏ పనీ చెయ్యకపోయినా కారిపోయే కరెంటు ఒకటి. గడియారం ఆపితే మొదటిది ఆగుతుంది. రెండోది ఆగదు, పైగా చిప్ వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. పెరిగిన కారుడు ఇంకా వేడి పుట్టిస్తుంది. దాన్ని ఆపాలంటే కరెంటు తెంపాల్సిందే. ఆ పని చేసేవి సీ6, అంతకంటే లోతైనవి. అందుకే జనవరిలో సీ1తో సరిపెట్టుకున్న యంత్రం జూన్‌లో అదే సీ1లో ఇంకా ఎక్కువ కాలుతుంది.

పని ఉన్నప్పుడు కూడా వేడి హద్దు దాటితే, కెర్నెల్ దగ్గర ఇంటెల్ చిప్‌లకి పవర్‌క్లాంప్ అనే ఉపాయం ఉంది. 2013లో వచ్చింది. అన్ని కోర్లకీ ఒకేసారి బలవంతంగా విరామం ఇస్తుంది. ఒకేసారి ఎందుకంటే, ఏడో చిట్కాలో చెప్పినట్టు అందరూ కలిసి పడుకుంటేనే చిప్ మొత్తం పడుకుంటుంది. దీన్ని చేత్తో తిప్పక్కర్లేదు. ఇంటెల్‌లో శ్రీనివాస్ పండ్రువాడ రాసిన థర్మల్‌డీ అనే సర్వీసు వేడి చూసుకుంటూ తనే అవసరమైన ఉపాయాన్ని వాడుకుంటుంది. అది నడుస్తోందో లేదో చూసుకోండి చాలు. ఢిల్లీ దుమ్ముకి ఫ్యాను రెక్కలు పూడుకుపోతాయి కాబట్టి ఎండలు ముదరకముందే ఒకసారి విప్పించి శుభ్రం చేయించండి.

10. ఆన్‌లైన్ సంగీతం క్లాసులకి ఆలస్యం తగ్గించుకోండి, క్లాసు అవగానే వదిలెయ్యండి.

ఇంట్లోంచి కర్ణాటక సంగీతం నేర్పే పిన్నిగార్లు, నేర్చుకునే పిల్లలు ఢిల్లీలో చాలామంది. రికార్డింగులో చిటపటలు వస్తుంటే, లోతైన నిద్ర నుంచి ప్రాసెసర్ లేవడంలో ఆలస్యం కూడా ఒక కారణం కావచ్చు. డెవ్ ఫోల్డర్‌లో సీపీయూ-డీఎంఏ-లేటెన్సీ అనే ఫైలు ఉంది. ఒక ప్రోగ్రాం దాన్ని తెరిచి, నాకు ఇన్ని మైక్రోసెకన్లకి మించి ఆలస్యం పనికిరాదు అని రాస్తే, గవర్నర్ అంతకంటే నెమ్మదిగా లేచే నిద్రలవైపు వెళ్లదు. ఫైలు మూసిన క్షణంలో ఆ కట్టడి రద్దవుతుంది. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయినా కెర్నెలే ఫైలు మూసేస్తుంది కాబట్టి కట్టడి మిగిలిపోదు. దీన్ని ఇలా ఆలోచించినవాళ్లకి దణ్ణం పెట్టాలి.

చేత్తో చెయ్యాలనుకుంటే సీపీయూపవర్ పనిముట్టులో ఐడిల్-సెట్ ఆదేశం వాడండి. పెద్ద డీ అక్షరం పక్కన 100 అని ఇస్తే 100 మైక్రోసెకన్లు, ఆపైన పట్టే నిద్రలన్నీ ఆగిపోతాయి. పెద్ద ఈ ఇస్తే అన్నీ తిరిగి వస్తాయి. క్లాసు అయ్యాక ఈ రెండోది మర్చిపోకండి.

11. ఎవరో చెప్పారని బూట్ వరసలో మాటలు చేర్చకండి. చేర్చినవి ఉంటే వెతికి తీసెయ్యండి.

ఇంటెల్-ఐడిల్ మ్యాక్స్-సీస్టేట్ ఈజీక్వల్‌టు 1 అనే సలహా ఏళ్లుగా తిరుగుతోంది. అది ఊరికే పుట్టలేదు. 2013, 14 నాటి ఇంటెల్ బే ట్రయిల్ చిప్‌లు ఉన్న చవక ల్యాప్‌టాప్‌లు లినక్స్ కింద ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. లోతైన నిద్రలు ఆపితే నిలబడేవి. 2017లో వచ్చిన తొలితరం రైజెన్‌లకి కూడా ఖాళీగా ఉన్నప్పుడే ఆగిపోయే జబ్బు ఉండేది. వాటికి బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కి మార్చడం మందుగా పనిచేసింది. ఆ జబ్బు ఉన్న యంత్రానికి ఆ మందు సరైనదే. అయితే అదే వరసని ఆరోగ్యంగా ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో అతికిస్తే, ఏ జబ్బూ లేకుండా ఏళ్ల తరబడి మందు మింగించినట్టే.

ప్రాక్ ఫోల్డర్‌లో సీఎండీలైన్ ఫైలు తెరిస్తే మీ కెర్నెల్ ఏ మాటలతో మొదలైందో ఒకే వరసలో ఉంటుంది. అందులో మ్యాక్స్-సీస్టేట్, ఐడిల్ ఈజీక్వల్‌టు పోల్, సీపీయూఐడిల్ ఆఫ్ వంటివి ఉన్నాయా చూడండి. ఐడిల్ పోల్ అన్నిటికంటే ఖరీదైనది. పని లేనప్పుడు కూడా కోర్ అక్కడే గిరగిరా తిరుగుతూ పని వచ్చిందా అని అడుగుతూ ఉంటుంది. ఇంట్లో దానికి చోటు లేదు.

ఎందుకు చేర్చారో, ఎప్పుడు చేర్చారో గ్రబ్ ఫైలులోనే ఒక వరస వ్యాఖ్యగా రాసి పెట్టండి. యంత్రం తమ్ముడికో మరదలికో ఇచ్చినప్పుడు వాళ్లకి అదే ఆధారం.

12. మూత వేసి బ్యాగులో పెట్టే ముందు ఏ సస్పెండో తెలుసుకోండి.

సిస్ ఫోల్డర్‌లో పవర్, అందులో మెమ్-స్లీప్ ఫైలు చదవండి. ఎస్2ఐడిల్, డీప్ అనే పేర్లలో దేని చుట్టూ చదరపు బ్రాకెట్ ఉందో అదే నడుస్తోంది. డీప్‌లో మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగుతుంది. ఎస్2ఐడిల్‌లో అలా కాదు. ఇప్పటిదాకా చెప్పుకున్న ఐడిల్ నిద్రల్లో అన్నిటికంటే లోతైనదాన్నే పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇది తప్ప వేరే దారే ఇవ్వలేదు. కాబట్టి ఏడో చిట్కాలోని అడ్డు ఇక్కడ కూడా అడ్డే. ద్వారక నుంచి నోయిడా ఎలక్ట్రానిక్ సిటీ దాకా బ్లూ లైన్ మెట్రోలో గంటన్నర ప్రయాణం చేసి దిగేసరికి బ్యాగు వెచ్చగా ఉందంటే, లోపల ప్యాకేజీ నిద్రపోలేదన్నమాట. కారణం దొరికేదాకా హైబర్నేట్ వాడండి, లేకపోతే ఆపేసి తీసుకెళ్లండి.

13. వర్చువల్ మెషిన్లు తెరిచి వదిలెయ్యకండి.

లోపలి కెర్నెల్ ఖాళీగా ఉన్నా బయటి కెర్నెల్‌కి దాని టైమర్లు పనే. 2019లో వచ్చిన హాల్ట్‌పోల్ గవర్నర్ లోపలి యంత్రాల వేగం కోసం కొద్దిసేపు కావాలనే మేలుకుని ఉంటుంది. అది డేటా సెంటర్ అవసరం, ఇంటిది కాదు.

14. నోయిడాలో చిప్ కంపెనీలకి వెళ్లాలనుకునే పిల్లలు డివైస్ ట్రీ చదవాలి.

ఈ ఊరికి ఈ విషయంతో సొంత సంబంధం ఉంది. గ్రేటర్ నోయిడాలోని ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ కేంద్రంలో పనిచేసిన ఇంజనీర్ల చేతులమీదుగా స్పియర్ అనే ఆర్మ్ చిప్‌ల కోడ్ 2010లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. వాళ్లలో ఒకరైన విరేశ్ కుమార్ తర్వాత విసోత్‌స్కీతో పాటు సీపీయూఫ్రీక్‌కి మెయింటెయినర్ అయ్యారు. పని ఉన్నప్పుడు ఎంత వేగంతో పరుగెత్తాలో చూసేది సీపీయూఫ్రీక్, పని లేనప్పుడు ఎంత లోతుగా పడుకోవాలో చూసేది సీపీయూఐడిల్. రెండూ కలిపి చదవాలి.

ఇంటెల్ పట్టికలాంటిదే ఆర్మ్ చిప్‌లకి డివైస్ ట్రీ ఫైలులో ఉంటుంది. నోయిడాలో పెద్ద డిజైన్ కేంద్రం ఉన్న ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ లేయర్‌స్కేప్ ఎల్‌ఎస్1043ఏ చిప్ ఫైలు తెరవండి. నెట్‌వర్క్ పెట్టెల్లో వాడే చిప్ ఇది. పీహెచ్20 అనే ఒకే ఒక నిద్ర రాసి ఉంటుంది. లోపలికి వెళ్లడానికి 1000 మైక్రోసెకన్లు, బయటికి రావడానికి 1000, కనీసం ఉండాల్సింది 3000. స్కైలేక్ సీ6 అంకెల పక్కన పెట్టి ఆలోచించండి. ప్యాకెట్లు ఆగకుండా వచ్చే పెట్టెలో 3 మిల్లీసెకన్ల విరామం ఎప్పుడు దొరుకుతుంది? రాత్రి రెండింటికి దొరుకుతుంది, సాయంత్రం ఎనిమిదింటికి దొరకదు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ప్రశ్నకి సొంతంగా జవాబు చెప్పగలిగితే, పుస్తకం బట్టీపట్టిన దానికంటే నయం.

15. మీరు రాసే ప్రోగ్రాం ఎవరినీ ఊరికే లేపకుండా చూసుకోండి.

పని వచ్చిందా అని పది మిల్లీసెకన్లకొకసారి అడిగే లూప్ రాయకండి. ఈపోల్ మీద కూర్చోండి, వచ్చినప్పుడు కెర్నెలే పిలుస్తుంది. టైమర్ తప్పనిసరైతే, కొంచెం అటూఇటూ అయినా పరవాలేదని కెర్నెల్‌కి చెప్పండి. మామూలు ప్రోగ్రాములకి కెర్నెల్ ఇచ్చే టైమర్ స్లాక్ 50 మైక్రోసెకన్లే. పీఆర్‌సీటీఎల్‌తో దాన్ని పెంచితే, దగ్గరదగ్గరగా ఉన్న టైమర్లని కలిపి ఒకేసారి లేపే వీలు దొరుకుతుంది. అయిదు నిమిషాలకొకసారి మెయిల్ చూసే ప్రోగ్రాంకి సెకను ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. రాసింది రాసినట్టు నడిపి, పక్కనే పవర్‌టాప్ తెరిచి, మీ ప్రోగ్రాం పేరు జాబితాలో ఎన్నో వరసలో ఉందో చూడండి. పైన పది వరసల్లో కనిపిస్తే లూపు మార్చి మళ్లీ నడపండి.